చిట్టి గుండె మందులకు నెలకు 4,600 అవతా ఉంది, నెల్లూరులో తక్కువకి యాడ దొరుకుతాయి?

బియ్యంకొట్టు_గుమాస్తా
మాది స్టోన్‌హౌస్‌పేట. ఇంట్లో స్పిట్జ్ కుక్క ఉంది, పేరు చిట్టి, పదకొండేళ్లు, ఆరు కిలోలు. అసలు మాది కాదు. పై పోర్షన్లో అద్దెకున్నోళ్లు రెండ్రోజులు చూస్తా ఉండండని అప్పజెప్పి హైదరాబాద్ పోయారు. తొమ్మిదేళ్లయింది, ఇంకా రాలా.

రెండు నెల్లుగా రాత్రిళ్లు ఒకటే దగ్గు. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు కక్కబోతది, ఏం రాదు. పడుకోలేదు, ముందుకాళ్లు ఎడంగా పెట్టి కూచోనే ఉంటది. టౌన్లో ఒక క్లినిక్‌కి తీసకపోతే ఎక్స్‌రే తీసి, గుండె పెద్దదయింది, లోపల కవాటం సరిగ్గా మూసుకోవట్లేదు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరతా ఉంది అన్నారు. మందులు ఉన్నన్నాళ్లూ వాడాల్సిందే.

సరే, వాడదాం. బాధేందంటే మందులు వాళ్లే ఇస్తారు, చీటీ రాయరు. చిన్న ఖాకీ కవర్లలో బిళ్లలు, పైన పెన్నుతో 1-0-1, పావు-0-పావు. స్ట్రిప్పు మీద పేరుండే వైపు కత్తిరించేసి ఉంటది. బిల్లులో ఒకటే లైను: మందులు, 4,600. నా జీతం 16 వేలు. కవర్లు తీసకపోయి మెడికల్ షాపులో చూపిస్తే "ఏం బిళ్లో తెలీకుండా ఎట్టియ్యమంటావయ్యా" అన్నాడు. ఆయనదీ నిజమే.

ఎవరికన్నా ఇట్టాంటిది జరిగిందా? ఎట్టా నెట్టుకొచ్చారు?

బుచ్చి_బుల్లెట్
దగ్గుకి మా ఇంట్లో దగ్గు టానిక్కే పోస్తాం అన్నా. రెండు మూతలు. ఎందుకు ఇంత ఖర్చు.

పిల్లులమ్మ
@బుచ్చి_బుల్లెట్ నీకు దణ్ణం పెడతా, ఆ సలహా తీసెయ్. అది జలుబు దగ్గు కాదు, గుండె దగ్గు. టానిక్కుతో నీరు దిగదు. పైగా షుగర్ లేని టానిక్కుల్లో కొన్నిట్లో జైలిటాల్ అని తియ్యదనం కోసం వేస్తారు, కుక్కలకి అది విషం. చక్కెర ఒక్కసారిగా పడిపోయి ఫిట్స్ వస్తాయి.

బుచ్చి_బుల్లెట్
మా కుక్క బానే ఉంది మరి

పిల్లులమ్మ
మీ కుక్కది అదృష్టం.

ఒంగోలు_గిత్త
అబయా, ముందు ఒక్కటి చెయ్. క్లినిక్‌కి పోయి "ఊరికి పోతన్నాం సార్, నెల రోజులు ఉండం, ఆడ కొనుక్కోడానికి మందుల పేర్లు రాసియ్యండి" అను. గొడవ పడబాక. నేను మా లాబ్రడార్‌కి అట్నే రాయించుకున్నా. పేర్లు చేతికొచ్చాక సగం పని అయిపోయినట్టే.

మాది వేరే రోగంలే, థైరాయిడ్. బొచ్చు ఊడి, బద్ధకంగా పడుండేది. డాక్టరు రాసింది చూసి ఒంగోల్లో షాపాయన ఇయ్యనన్నాడు. "మనుషులకే 100 మైక్రోగ్రాములు, మహా అంటే 150. కుక్కకి పొద్దున 500, రాత్రి 500 ఏంది, చంపేస్తావా" అంటాడు. తప్పు రాశారేమోనని నేనూ హడలిపోయి ఫోన్ చేస్తే డాక్టరు నవ్వాడు. కుక్కల ఒంట్లో ఆ మందు తొందరగా ఖర్చయిపోతదంట, కిలో బరువుకి మనకంటే శానా ఎక్కువ పడతదంట. చివరికి డాక్టరే షాపాయనతో మాట్టాడాడు. 100 మైక్రోగ్రాముల బిళ్లలు పొద్దున ఐదు, రాత్రి ఐదు. కుక్కల బ్రాండయితే నా వల్ల అయ్యేది కాదు, మనుషుల బిళ్లలు కాబట్టి గడిచిపోతా ఉంది.

కౌంటర్_వెనకాల
కావలిలో మందుల షాపు నాది. మా వైపు మాట కూడా వినండి.

చీటీ లేకుండా మేం ఇవ్వకూడదు, అది అందరికీ తెలుసు. తెలియంది ఏమిటంటే, పశువుల డాక్టరు చీటీకి కూడా మనుషుల షాపులో మందు ఇవ్వొచ్చు. డ్రగ్స్ రూల్స్‌లో 65వ రూలు చూడండి. చీటీ మీద రోగి పేరు, చిరునామా ఉండాలి. మందు జంతువు కోసమైతే ఆ జంతువు యజమాని పేరు, చిరునామా ఉండాలి అని స్పష్టంగా ఉంది. తేదీ, సంతకం, మొత్తం ఎన్ని బిళ్లలు, ఎంత డోసు కూడా. మా దగ్గరికొచ్చే వెట్ చీటీల్లో పదికి ఎనిమిది "టైసన్, లాబ్" అని ఉంటాయి. టైసన్ పేరు మీద బిల్లు ఎలా కొట్టాలి? అందుకే చాలామంది తిప్పి పంపేస్తారు. యజమాని పేరు రాయించుకోండి, సగం తిప్పట తప్పుతుంది.

పశువుల కోసం ప్రత్యేకంగా తయారైన మందు మా షాపులో పెట్టాలంటే దానికి వేరే బీరువానో సొరుగో ఉండాలి, మనుషులకు కాదు అని చీటీ అంటించాలి. నెలకు ఇద్దరు అడిగే దానికి ఆ బాధ ఎవరు పడతారు. అందుకే దొరకవు. మేం లేదనేది కుక్కల మీద కోపంతో కాదు.

చేపలపులుసు_రాజ్యం
టైసన్ పేరు మీద బిల్లు 😂 ఆధార్ అడగాల్సింది

ఒంగోలు_గిత్త
టైసన్ తండ్రి పేరు కూడా

మూడో_ఏడు_వెట్
మాది మార్కాపురం, తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుతున్నా. డాక్టర్ని కాదు కాబట్టి డోసులు చెప్పను. గుమాస్తా గారు చెప్పిన లక్షణాలకి మామూలుగా మూడు నాలుగు మందులు రాస్తారు, వాటి ధరల లెక్క మాత్రం చెప్తా.

ఒకటి ఫ్యూరోసెమైడ్, నీరు తీసే బిళ్ల. రెండు ఎనాలాప్రిల్ లేదా బెనాజెప్రిల్, బీపీ మందుల కోవ. కొందరు స్పైరోనోలాక్టోన్ కూడా కలుపుతారు. ఇవన్నీ మనుషులు వాడేవే, చాలా చవక. ఖరీదైంది పిమోబెండాన్ ఒక్కటే. గుండె గట్టిగా కొట్టుకునేలా చేస్తుంది, రక్తనాళాల్ని వదులు చేస్తుంది. మనుషులకి జపాన్‌లో వాడతారు గానీ మన మనుషుల షాపుల్లో ఉండదు, కుక్కల బ్రాండే కొనాలి. అందుకని "అన్నీ చవగ్గా దొరుకుతాయి" అని ఎవరైనా అంటే నమ్మకండి, అలాగని ఆ ఒక్కటి ఖరీదని మానేయకండి. 2016లో ఎపిక్ అని 360 కుక్కల మీద పెద్ద పరీక్ష ఒకటి అచ్చయింది. గుండె పెద్దదై ఇంకా ఆయాసం మొదలవని కుక్కలకి ఈ బిళ్ల ఇస్తే, ఆయాసం దశ రావడం సుమారు 15 నెలలు వెనక్కి పోయింది. చిట్టి ఆ దశ దాటింది గానీ, ఆయాసం వచ్చాక కూడా ముందు రాసే మందుల్లో ఇది ఉంటుంది.

ఇంకొకటి. దాన్ని తిండికి గంట ముందు ఖాళీ కడుపుతో ఇవ్వాలి. క్లినిక్‌లో చెప్పారా?

బియ్యంకొట్టు_గుమాస్తా
చెప్పలా. మేం అన్నంలో కలిపి పెడతన్నాం అన్నీ.

మూడో_ఏడు_వెట్
అయితే అంత ఖరీదైన బిళ్ల సగం వృథా అవుతున్నట్టే సార్. రేపటి నుంచి మార్చండి.

నేనింతే_ఆత్మకూరు
అందరూ తిట్టుకున్నా పర్లేదు, ఒక మాట అంటా. కుక్కకి నెలకు నాలుగున్నర వేలా? మా నాయనకి షుగరు, బీపీ కలిపి 900. పదకొండేళ్లు బతికింది, చాలు. ఉన్నదాంట్లో అన్నం పెట్టి దాని దారిన దాన్ని పోనీండి. 16 వేల జీతగాడికి ఇది అవసరమా?

పిల్లులమ్మ
అడిగింది మందులు ఎక్కడ దొరుకుతాయని. అవసరమా అని అడగలేదు.

నేనింతే_ఆత్మకూరు
ఫోరం అన్నాక అన్నీ చెప్తారు మేడం

కందుకూరు_టీచర్
ఆత్మకూరు ఆయన అడిగింది మా ఇంట్లో కూడా అడిగారు. మా ఆయనే అడిగాడు. నేను ఏం జవాబు చెప్పలేదు, నా జీతంలోంచి కొన్నా. అంతే.

మాది డయాబెటిస్ వచ్చిన పామరేనియన్. ఇన్సులిన్ మనుషులదే, డాక్టరే రాశారు. ఆన్‌లైన్లో ఇరవై శాతం తక్కువని మే నెలలో తెప్పించా. రెండ్రోజులు ఏ గోడౌన్లోనో ఎండకు ఉండి, మా ఇంటికి వచ్చేసరికి ఐసు ప్యాకెట్టు టీ నీళ్లలా వేడిగా ఉంది. బయట 43 డిగ్రీలు. సీసా చూడ్డానికి బానే ఉంది, చక్కెర మాత్రం దిగలేదు, 400 పైన ఆడింది. పారేసి లోకల్‌గా ఫ్రిజ్‌లో ఉన్నది కొన్నా, మూడో రోజుకి దారికొచ్చింది. ఎండాకాలంలో 2 నుంచి 8 డిగ్రీల్లో ఉండాల్సిన మందేదీ కొరియర్‌లో తెప్పించకండి.

సిరంజి విషయం కూడా. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నుల్లోది 100 యూనిట్లది, ఆ సిరంజి నారింజ మూత. షాపులో కుర్రాడు నాకు ఒకసారి ఎర్రది బదులు నారింజది ఇచ్చాడు. దాంతో 40 సీసాలోంచి 4 గీతలు తీస్తే లోపలికి పోయేది రెండు యూనిట్లు కూడా కాదు. అదే ఎర్ర సిరంజితో 100 ది తీస్తే రెండున్నర రెట్లు పోయి కుక్క చస్తుంది. మూత రంగు చూసుకోండి.

కౌంటర్_వెనకాల
టీచర్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కొత్త కుర్రాళ్లకి నేను మొదటి రోజే నేర్పేది అదే.

చేపలపులుసు_రాజ్యం
గవర్నమెంట్ పశువుల ఆసుపత్రికి పోవచ్చు కదా, ఫ్రీ కదా

ఒంగోలు_గిత్త
పోవచ్చు. ఆడ ఉండేది గేదెలకి, గొర్రెలకి మందులు. నట్టల మందు, టీకాలు, ఇంజెక్షన్లు బ్రహ్మాండంగా చేస్తారు. గుండె బిళ్లలు ఉండవు. కానీ చీటీ మాత్రం అడిగితే రాసిస్తారు, అదీ లాభమే.

చేపలపులుసు_రాజ్యం
1962కి ఫోన్ చేస్తే పశువుల డాక్టరు వ్యాన్ ఇంటికే వస్తది కదా

నాయుడుపేట_దాటాక
వస్తది. మా మేకకి వచ్చింది. డాక్టరు మంచోడు, మా కుక్కని కూడా స్టెతస్కోపు పెట్టి చూసి పోయాడు, రూపాయి తీసుకోలా. అత్యవసరానికి సరే, నెల నెలా వాడే మందు వ్యాన్లో దొరకదు.

మందుల ఖర్చు కంటే ముందు రోగం సరిగ్గా తేల్చుకోవాలంటే నా మాట విని మద్రాసు పోండి. వేపేరి వెటర్నరీ కాలేజీ. 1903 నుంచీ ఉంది. మాకు తడ దాటితే గంటన్నర, మీకు నెల్లూరు నుంచి మూడు గంటల పైనే. పొద్దున్నే పోయి వరసలో నిలబడాలి. మా జెర్మన్ షెపర్డ్‌ని తీసకపోయిన రోజు వరండాలో నా ముందు ఒక గుర్రం, ఒక చిలక, ఒక ముసలామె ఒళ్లో కోడిపుంజు. ఫీజు నామమాత్రం. గుండెకి స్కాన్ కూడా చేశారు. పీజీ పిల్లలు నలుగురు చుట్టూ నిలబడి వింటారు, కొంచెం ఓపిక పట్టాలి. చీటీ మాత్రం బ్రాండ్ పేరు కాకుండా మందు పేరే రాసిచ్చారు, పెద్దక్షరాల్లో, నాకు కూడా చదవొచ్చేట్టు. తమిళం రాకపోయినా నడిచిపోద్ది.

మూడో_ఏడు_వెట్
తిరుపతిలో మా కాలేజీ ఆసుపత్రికి కూడా రావచ్చు సార్, నెల్లూరోళ్లు చాలామంది వస్తారు. గుర్రం గ్యారంటీ ఇవ్వలేను.

బుచ్చి_బుల్లెట్
రొయ్యల మందుల షాపులు వీధికి నాలుగున్నాయి మన జిల్లాలో. వాటిల్లో అడిగావా?

చేపలపులుసు_రాజ్యం
చిట్టిని చెరువులో వదిలి ఏరేటర్ పెడదామా

ఒంగోలు_గిత్త
అసలు అన్యాయం చూడండి. మన ఒంగోలు ఎడ్లు ఓడెక్కి బ్రెజిల్ పోతే ఆడ వాటికి "నెలోర్" అని మన పక్క ఊరి పేరు పెట్టి కోట్లకి అమ్ముకుంటన్నారు. ఆ నెల్లూర్లో ఆరు కిలోల కుక్కకి బిళ్ల దొరకట్లా.

నేనింతే_ఆత్మకూరు
ఒంగోలు వాళ్లకి ఆ బాధ ఎప్పటికీ తగ్గదు 😀

పిల్లులమ్మ
సరదా సరే. "మనుషుల మందు చవక" అని చదివి ఎవరన్నా ఇంట్లో ఉన్న బిళ్ల ఇచ్చేస్తారేమోనని నా భయం. మూలపేటలో మా పక్కింటి వాళ్లు పిల్లికి జ్వరమని పారాసిటమాల్ ముక్క పెట్టారు. పావు ముక్కే. సాయంత్రానికి మొహం ఉబ్బింది, చిగుళ్లు గులాబీ రంగు పోయి గోధుమ రంగుకి తిరిగాయి, ఆయాసం. నన్ను పిలిచేసరికి పిల్లి మంచం కింద. విరుగుడు ఇంజెక్షన్ ఉంది, తొందరగా పడితే బతకొచ్చు. ఆ రోజు ఆదివారం. దొరకలేదు.

పిల్లికి పారాసిటమాల్ అసలు ఇవ్వకూడదు. కుక్కకి ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇవ్వకూడదు, కడుపులో పుండ్లు పడి కిడ్నీలు పోతాయి. మనుషుల మందు అంటే డాక్టరు జంతువుకని రాసిన మనుషుల మందు.

మూడో_ఏడు_వెట్
డైక్లోఫెనాక్ అయితే 2006 నుంచి పశువులకి నిషేధమే. ఆ మందు పడి చచ్చిన పశువుల్ని తిని రాబందులు పోయాయి.

మోడరేటర్
డోసులు ఎవరూ రాయొద్దు. రాసినవి రెండు తీసేశాను. టానిక్కు సలహా హెచ్చరికలతో సహా అలాగే ఉంచాను, తీసేస్తే మళ్లీ ఎవరో ఒకరు రాస్తారు.

బియ్యంకొట్టు_గుమాస్తా
అందరికీ మెహర్బానీ. ఈరోజు పోయా క్లినిక్‌కి. గిత్తన్న చెప్పినట్టు ఊరికి పోతన్నాం అన్నా. "ఎక్కడికి" అన్నారు. తడబడి "కనిగిరి" అన్నా. ఎందుకన్నానో నాకే తెలీదు. రాసిచ్చారు. కౌంటర్ ఆయన చెప్పింది గుర్తొచ్చి నా పేరు, డోర్ నెంబరు కూడా రాయించా.

చీటీలో ఐదున్నాయి. పిమోబెండాన్, ఫ్యూరోసెమైడ్, ఎనాలాప్రిల్. ఇంకా లివర్ టానిక్కు ఒకటి, గుండెకి బలమని ఏదో పౌడరు ఒకటి. ఈ చివరి రెండూ అవసరమేనా?

మూడో_ఏడు_వెట్
నేను మానేయమని చెప్పకూడదు. "ఖర్చు భరించలేకపోతున్నా, ఈ ఐదింట్లో తప్పనిసరి ఏవి, ఉంటే మంచిది ఏవి" అని డాక్టర్నే సూటిగా అడగండి. చాలామంది డాక్టర్లు నిజం చెప్తారు. మనమే అడగం, సిగ్గుపడతాం.

కౌంటర్_వెనకాల
ఎనాలాప్రిల్, ఫ్యూరోసెమైడ్ కోసం జన ఔషధి కేంద్రానికి వెళ్లండి. జన్ ఔషధి సుగమ్ అని యాప్ ఉంది, మందు పేరు కొడితే ధర, దగ్గర్లో కేంద్రం ఎక్కడుందో చూపిస్తుంది. అక్కడ లేకపోతే మామూలు షాపులో కూడా ఇవి రెండూ కలిపి వంద రూపాయల్లో నెల గడుస్తుంది. మా వ్యాపారం దెబ్బతీసే సలహా నేనే ఇస్తున్నా, గమనించగలరు.

చేపలపులుసు_రాజ్యం
పశువులకి కూడా జన ఔషధి మాదిరి పెడతన్నారని పేపర్లో చదివా?

కౌంటర్_వెనకాల
పశు ఔషధి. 2025 మార్చిలో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది. పశువుల ఆరోగ్య పథకానికి మొత్తం 3,880 కోట్లు, అందులో దీనికి 75 కోట్లు. సహకార సంఘాలు, కిసాన్ సమృద్ధి కేంద్రాల ద్వారా అమ్మాలని. పాడి పశువుల్ని దృష్టిలో పెట్టుకుని పెట్టింది, కుక్కల గుండె బిళ్ల అందులో వస్తుందని ఆశ పెట్టుకోకండి.

నాయుడుపేట_దాటాక
గుమాస్తా గారూ, రాత్రి ఊపిరి లెక్కపెడతన్నారా? వేపేరిలో మాకు మొదట నేర్పింది అదే. కుక్క గాఢంగా నిద్రపోయేటప్పుడు పక్కటెముకలు పైకి లేచి కిందకి దిగితే ఒకటి. నిమిషానికి 30 లోపుంటే సరే. దాటి అట్నే ఉంటే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. మందు పనిచేస్తందో లేదో దీంతోనే తెలిసిపోద్ది, ప్రతిసారీ ఎక్స్‌రే అక్కర్లా.

బియ్యంకొట్టు_గుమాస్తా
రాత్రి లెక్కపెట్టా. ఫోన్లో గడియారం పెట్టుకుని చిట్టి పక్కనే నేల మీద పడుకున్నా. ఫ్యాన్ గాలికి బొచ్చు కదలతా ఉంటే ఏది ఊపిరో ఏది గాలో తెలీలా. ఫ్యాన్ ఆపేసి, కడుపు మీద ఒక బియ్యపు గింజ పెట్టా. అది లేచినప్పుడల్లా ఒకటి. 38 వచ్చింది. మళ్లీ చూస్తే 39. మందులు వాడి నలభై రోజులైంది. ఇంకా 38 ఏంది?

కందుకూరు_టీచర్
బియ్యపు గింజ! నిజంగా బియ్యంకొట్టే.

మూడో_ఏడు_వెట్
38 ఎక్కువే. రేపు డాక్టర్ని కలవండి, ఆలస్యం వద్దు. ఈలోగా ఒకటి అడుగుతా, నిజం చెప్పండి. ఏం పెడుతున్నారు తినడానికి?

బియ్యంకొట్టు_గుమాస్తా
పెరుగన్నం, కోడిగుడ్డు.

మూడో_ఏడు_వెట్
ఇంకా?

బియ్యంకొట్టు_గుమాస్తా
అమ్మని అడిగి చెప్తా.

బియ్యంకొట్టు_గుమాస్తా
అడిగా. మైపాడు నుంచి చేపలామె వారం వారం ఎండు చేపలు తెస్తది. అమ్మ మధ్యాహ్నం నేను కొట్లో ఉన్నప్పుడు చిట్టికి గుప్పెడు కాల్చి పెడతా ఉందంట. మూడేళ్ల నుంచీ. "నీరసంగా ఉంది కదా, బలానికని ఈ మధ్య రెండు పూటలా పెడతన్నా" అంటది.

మూడో_ఏడు_వెట్
దొరికింది సార్. ఎండు చేపంటే ఉప్పు. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది. పొద్దున మీరు బిళ్లేసి నీరు తీస్తుంటే, మధ్యాహ్నం అమ్మగారు మళ్లీ నింపుతున్నారు. డాక్టరు దగ్గర ఈ విషయం తప్పకుండా చెప్పండి, లేకపోతే బిళ్ల చాలడం లేదని డోసు పెంచేస్తారు.

ఒంగోలు_గిత్త
4,600 ఒక పక్క, నెత్తిన ఎండు చేపల గంప ఒక పక్క

పిల్లులమ్మ
అమ్మని ఏమనొద్దు అబ్బాయ్. ప్రేమగా పెట్టింది.

బియ్యంకొట్టు_గుమాస్తా
ఏమనలా అక్కా. ఇంకోటి కూడా బయటపడింది. నీరు బిళ్ల వేసినాక ఇంట్లో పోస్తా ఉందని అమ్మ రాత్రిళ్లు నీళ్ల గిన్నె తీసి పైన పెడతా ఉందంట.

మూడో_ఏడు_వెట్
అది ఇంకా ప్రమాదం. ఆ బిళ్ల వేసే కుక్కకి నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి, లేకపోతే కిడ్నీలు దెబ్బతింటాయి. రక్తం ఇచ్చి క్రియాటినిన్ (కిడ్నీల పని తెలిపేది), పొటాషియం ఒకసారి చూపించండి. పాత గోనెసంచి పరచండి, ఉతుక్కోవచ్చు.

నేనింతే_ఆత్మకూరు
గోనెసంచులు ఆయన దగ్గర దండిగా ఉంటాయిలే

బియ్యంకొట్టు_గుమాస్తా
పది రోజుల తర్వాత రాస్తన్నా, కొట్లో స్టాకు లెక్కల్లో పడి కుదరలా.

మరుసటి రోజే డాక్టరు కాడికి పోయా. కనిగిరి సంగతి కూడా ఒప్పేసుకున్నా. ఆయన నవ్వి, "ముందే అడిగుంటే రాసిచ్చేవాణ్ణి కదయ్యా" అన్నాడు. పేర్లు ఎందుకు కత్తిరిస్తన్నారో నేను అడగలా, ఆయన చెప్పలా. ఖర్చు సంగతి చెప్తే పౌడరు, టానిక్కు కొట్టేశాడు. ఎండు చేపలు చెప్తే పెన్ను కింద పెట్టి చాలాసేపు నా వైపు చూశాడు. డోసు పెంచలా. వారం ఆగి చూద్దాం, ఊపిరి 40 దాటినా, నాలుక నీలంగా తిరిగినా అర్ధరాత్రయినా ఫోన్ చెయ్యమన్నాడు. రక్తం తీశారు, కిడ్నీ పర్లేదంట.

ఎనాలాప్రిల్, ఫ్యూరోసెమైడ్ జన ఔషధిలో దొరికాయి, రెండూ కలిపి నెలకి 70 లోపే. ఫ్యూరోసెమైడ్ పావు ముక్క చెయ్యడమే పెద్ద పని. కత్తిపీటతో కోస్తే పొడైపోయింది. ఇప్పుడు స్టీలు పళ్లెంలో పెట్టి కొత్త బ్లేడుతో ఒక్క దెబ్బ. పిమోబెండాన్ మాత్రం టౌన్లో రెండు షాపుల్లోనే ఉంది, ఒకాయన ఎమ్మార్పీకి పైసా తగ్గలా, ఇంకొకాయన రెండు నెల్లకి ఒకేసారి తీసుకుంటే పది శాతం తగ్గించాడు. నెలకి 2,150 పడతా ఉంది. అన్నీ కలిపి 2,220.

నాయుడుపేట_దాటాక
ఎక్కువ డోసు బిళ్ల కొని ముక్కలు చేస్తే ఇంకా తగ్గుద్ది కదా?

మూడో_ఏడు_వెట్
మధ్యలో గీత ఉన్న బిళ్లయితే సగానికి కోయొచ్చు, అదీ డాక్టర్ని అడిగి. నాలుగు ముక్కలు చేస్తే ఒక ముక్కలో ఎక్కువ, ఒక దాంట్లో తక్కువ పోతుంది. ఆరు కిలోల కుక్కకి ఆ తేడా చిన్నది కాదు.

ఒంగోలు_గిత్త
మా బావమరిది మెడికల్ ఏజెన్సీలో చేస్తాడు, కుక్కల మందులు కూడా వాళ్లే తెస్తారు. శనివారం పినాకినిలో నెల్లూరు వస్తన్నా, బిల్లుతో సహా రెండు స్ట్రిప్పులు పట్టుకొస్తా. ఎంత తగ్గిద్దో చూద్దాం. చీటీ ఫోటో నాకు మెసేజ్ పెట్టు.

కౌంటర్_వెనకాల
బ్యాచ్ నెంబరు, ఎక్స్‌పైరీ చూసి తీసుకోండి. ఏజెన్సీలో తగ్గించి ఇచ్చేది ఒక్కోసారి నెలలో అయిపోయే సరుకు.

ఒంగోలు_గిత్త
మా బావమరిది అట్టాంటోడు కాదు. అయినా చూస్తాలే.

కందుకూరు_టీచర్
ఊపిరి ఎంతుంది ఇప్పుడు?

బియ్యంకొట్టు_గుమాస్తా
నిన్న రాత్రి 27. మొన్న 26. దగ్గు పూర్తిగా పోలా గానీ పక్కకి పడుకుంటా ఉంది, చాన్నాళ్ల తర్వాత.

తిండి కాడే గొడవ. ఉప్పు లేని అన్నం, ఉడకబెట్టిన కోడి ముక్క పెడితే మూడ్రోజులు ముట్టలా. అమ్మ ఎండు చేపల డబ్బా బీరువా మీద పెట్టేసింది. చిట్టి ఇప్పుడు పగలంతా బీరువా కిందే పడుకుంటా ఉంది.

చేపలపులుసు_రాజ్యం
ఏం చేపలు? నెత్తళ్లా, సావిడాయలా?

బియ్యంకొట్టు_గుమాస్తా
నెత్తళ్లు.

చేపలపులుసు_రాజ్యం
నేనైనా ఆడే పడుకుంటా.